ఊదుగొట్టం

(ఒక ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఫ్యాను చప్పుడు కాస్త ఎక్కువగా ఉంది. వెనక కూర్చున్నవాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందుగా మీతో ఒక చిన్న పని చేయిస్తాను. గడియారమో ఫోనో చూసుకుంటూ, ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నారో లెక్కపెట్టండి. ఆ నిమిషం నేను మాట్లాడను.

అయిందా? మీకెంత వచ్చిందండీ? 18. మీకు? 10. ఆ మూలన? 24! సరే. ఈ అంకెల్లో ఒక్కటి కూడా నమ్మదగ్గది కాదు. (నవ్వులు) లెక్కపెట్టమని నేను అనగానే ఊపిరి మీ అదుపులోకి వచ్చేసింది. కొందరు బారుగా తీశారు, కొందరు టెన్షన్ పడి గబగబా తీశారు. నాడి ఇలా చెయ్యదు. మీరు చూసినా చూడకపోయినా గుండె తన పని తను చేసుకుపోతుంది. ఊపిరి దానంతట అదీ నడుస్తుంది, మీరు పట్టుకుంటే మీ మాటా వింటుంది. అందుకే మా రోజుల్లో వార్డులో ఒక కిటుకు నేర్పేవాళ్లు: రోగి మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండాలి, కళ్లు మాత్రం ఛాతీ మీద ఉండాలి.

ఊపిరిని కొలవడంలో చిక్కంతా ఇక్కడే ఉంది. రక్తం తీస్తే చక్కెర ఎంతో తెలిసిపోతుంది. సూది గుచ్చినప్పుడు మొహం చిట్లించడం తప్ప రోగి చెయ్యాల్సిందేమీ లేదు. ఊపిరితిత్తుల పరీక్షలో రోగి చెయ్యాలి, ఎదురుగా ఉన్నవాడు చేయించాలి. ముప్పై ఏళ్లు నేను చేసిన ఉద్యోగం అదే. పేరుకు ఫిజియాలజీ మాస్టారిని, పనికి ఊదించేవాణ్ణి.

ఊపిరి లెక్కపెట్టడం నాకు మొదట నేర్పింది మా తాతయ్య, గేదెల పాకలో. పడుకుని నెమరేస్తున్న గేదె డొక్క వంక చూడమనేవాడు. డొక్క ఒకసారి లేచి పడితే ఒకటి. నీడపట్టున ఉంటే నిమిషానికి ఇరవైకి అటూ ఇటూ. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం అరవై దాటేది. అప్పుడు చెరువులోకి తోలితే కాసేపటికి మళ్లీ దారికొచ్చేది. గేదెకు ఆవుకన్నా చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్ల తోలు. ఒంట్లో వేడిని ఊపిరితో వదిలించుకోవాలి. కుక్క నాలుక చాపి వగర్చడమూ ఇందుకే. ఆ వగర్పులో ఒక తెలివుంది. చాలా వేగంగా, చాలా పైపైన వగరుస్తుంది. గాలి గొంతు దాకా వచ్చి వెనక్కి పోతుంది, ఊపిరితిత్తుల లోతుకు పెద్దగా దిగదు. తడి ఆరుతుంది, వేడి పోతుంది, రక్తంలో వాయువుల లెక్క మాత్రం చెడదు. మనం నిండా పీలుస్తూ అంత వేగంగా తీస్తే కాసేపటికే తల తిరిగి, వేళ్లు కొంకర్లు పోతాయి.

పాలిచ్చి పెంచే జంతువులన్నిటికీ ఊపిరి ఏర్పాటు ఒక్కటే. కప్పను చూశారా, గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. అది నోట్లో గాలి పట్టి ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది, ఒకరకంగా గాలిని మింగుతుంది. మనం లాగుతాం. లాగే కండరం పేరు స్కూలు పుస్తకంలో చదివే ఉంటారు, ఉదరవితానం. డాక్టర్లు డయాఫ్రం అంటారు. ఛాతీకి, పొట్టకు మధ్య బోర్లించిన మూకుడులా ఉంటుంది. పూర్తిగా కండరంతో కట్టిన ఇలాంటి అడ్డుతెర క్షీరదాలకే ఉంది, పక్షులకు లేదు.

ఇదిగో ఈ సీసా చూడండి. అడుగు కోసేసి, అక్కడ బెలూన్ రబ్బరు బిగించాను. మూతి నుంచి లోపలికి వేలాడుతున్న చిన్న బెలూన్ ఊపిరితిత్తి అనుకోండి. కింది రబ్బరును లాగుతున్నాను. చూశారా, లోపలి బెలూన్ ఉబ్బింది. అందులో ఎవరూ ఊదలేదు. సీసాలో చోటు పెరిగింది, ఒత్తిడి తగ్గింది, బయటి గాలి లోపలికి వెళ్లింది. మన మూకుడు చదును కావడమే ఈ లాగడం. మామూలుగా అది ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లే దిగుతుంది. గుండెల నిండా పీలిస్తే పది సెంటీమీటర్ల దాకా దిగగలదు. దీనికి కావలసిన ఒత్తిడి ఎంతో తెలుసా? మామూలు ఊపిరికి ఒక్క సెంటీమీటరు నీటి ఎత్తుతో సమానం. కొబ్బరిబొండంలో స్ట్రా పెట్టి తాగేటప్పుడు మీరు అంతకు పదింతలకు పైగా లాగుతారు.

ఇప్పుడు రబ్బరు వదిలేస్తున్నాను. బెలూన్ ముడుచుకుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఊపిరి వదలడానికి కండరం పని చెయ్యక్కర్లేదు. సాగిన ఊపిరితిత్తి రబ్బరులా వెనక్కి వస్తుంది. పీల్చడం పని, వదలడం విశ్రాంతి. ఒళ్లు బాగున్నంతకాలం లెక్క ఇదే. జబ్బు చేస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడికే వస్తున్నాను, కాస్త ఆగండి.

మామూలు ఊపిరి ఎంత అంటే అర లీటరు. ఒక పాల ప్యాకెట్. అందులో సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసంత, ముక్కులో, గొంతులో, గాలిగొట్టాల్లో తిరిగి ఊరికే వెనక్కి వచ్చేస్తుంది. మిగిలిందే పనికొచ్చేది. నిమిషానికి 12 నుంచి 16 సార్లు, అంటే ఆరు నుంచి ఎనిమిది లీటర్లు. రోజుకు పది వేల లీటర్లు, ఒక పెద్ద నీళ్ల ట్యాంకరంత గాలి. మనం రోజుకు తాగే నీళ్లు రెండు మూడు లీటర్లు. ఆ రెండు మూడు లీటర్ల కోసం ఇంట్లో ఫిల్టరు పెట్టించుకుంటాం.

ఈ కొలత మనిషికి మాత్రమే ప్రత్యేకం కాదు. ఒంటి బరువు కిలోకు ఏడెనిమిది మిల్లీలీటర్లు అన్న లెక్క ఎలుక నుంచి ఏనుగు దాకా ఇంచుమించు సరిపోతుంది. మారేది వేగం. ఇంట్లో తిరిగే చిట్టెలుక నిమిషానికి నూరు దాటి ఊపిరి తీస్తుంది. ఏనుగు నిలబడితే పది దాకా, పడుకుంటే ఐదు దాకా. పరిగెత్తే గుర్రానికైతే ఊపిరి కాళ్లతో ముడిపడి ఉంటుంది, ఒక దూకుకు ఒక ఊపిరి. అదీ ముక్కుతోనే. గుర్రం నోటితో గాలి పీల్చలేదు.

ఏనుగులో ఇంకో వింత ఉంది. మనకు ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య పల్చటి నీటి పొర ఉంటుంది, దాని మీద రెండూ జారుతూ కదులుతాయి. ఏనుగుకు ఆ సందే లేదు, మెత్తటి పీచులాంటి కణజాలంతో పూడిపోయి ఉంటుంది. ఏనుగు లోతు నీళ్లలో మునిగి, తొండం కొస మాత్రం పైకి పెట్టి వాగులు దాటుతుంది. అప్పుడు ఛాతీ మీద నీటి బరువు, లోపల మామూలు గాలి ఒత్తిడి. ఆ తేడాకు మనబోటి వాళ్లకైతే పొరలోని సన్నటి రక్తనాళాలు చిట్లిపోతాయి. సందు పూడింది అందుకేనని జాన్ వెస్ట్ అనే ఫిజియాలజిస్టు వాదించాడు. నాకు నచ్చిన వాదన. పిల్లలూ, బారెడు పైపు నోట్లో పెట్టుకుని బావి అడుగున కూర్చుందామని మాత్రం అనుకోకండి. మీకు ఏనుగు ఛాతీ లేదు.

లోపలి సంగతి త్వరగా చెప్పేస్తాను, పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంది. గాలిగొట్టం రెండుగా, రెండు నాలుగుగా, అలా 23 సార్లు చీలుతుంది. చివర ఉండే బుడగలే వాయుగోణులు. ముప్పై కోట్ల నుంచి యాభై కోట్ల దాకా ఉంటాయి. విప్పి పరిస్తే తక్కువలో తక్కువ 70 చదరపు మీటర్లు, ఇంచుమించు ఈ హాలంత. గాలికీ రక్తానికీ మధ్య గోడ మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. ఎర్ర కణం ఆ గోడ పక్కన గడిపేది ముప్పావు సెకను, ఆక్సిజన్ నింపుకోవడానికి దానికి పావు సెకను చాలు. ఇంత చిన్న తడి బుడగలు నిజానికి అంటుకుని మూసుకుపోవాలి. మూసుకోకుండా లోపల సబ్బు నురగలాంటి పూత కాపాడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఊపిరి అందనిది ఆ పూత చాలకనేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరి మీడ్ చూపించారు. ఇప్పుడు ఆ పూతనే మందుగా గొంతులో గొట్టం వేసి పోస్తున్నారు.

సరే, ఇంకో ప్రశ్న. ఊపిరి బిగబడితే ఎక్కడో ఒకచోట ఇక నా వల్ల కాదు అనిపిస్తుంది కదా, ఎందుకు? ఆక్సిజన్ అయిపోయి. అంతేనా? అందరూ అదే అంటారు. 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు చేసిన ప్రయోగాలతో ఆ నమ్మకం పోయింది. మెదడు అడుగున ఊపిరిని నడిపే భాగం మామూలుగా కనిపెట్టుకుని ఉండేది కార్బన్ డయాక్సైడ్‌ని. బయటికి పోవాల్సిన సరుకు పేరుకుందంటే గంట కొడుతుంది. ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప దాని మాట అంతగా వినదు. మనం వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది, పీల్చేటప్పుడు 21. నోట్లో నోరు పెట్టి ఊది మనిషిని బతికించగలిగేది ఆ 16 శాతంతోనే.

దీనిలో ఒక ప్రమాదం ఉంది. బావిలో ఎవరు ఎక్కువసేపు మునుగుతారో అని పందెం వేసుకుంటారు కుర్రాళ్లు. ముందు గట్టిగా ఇరవై ముప్పై సార్లు పీల్చి వదిలి దూకుతారు. అలా చేస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం కడిగేసినట్టు పోతుంది. గంట కొట్టాల్సినవాడు నిద్రపోయాడన్నమాట. నీళ్ల అడుగున ఏ ఇబ్బందీ తెలియదు, హాయిగానే ఉంటుంది, ఆ హాయిలోనే స్పృహ పోతుంది. ఈత బాగా వచ్చినవాళ్లే ఇలా పోతారు. మీ ఇంట్లో కుర్రాళ్లుంటే ఈ ఒక్క మాట వాళ్లకు చెప్పండి.

ఇక కొలత సంగతి. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే సర్జన్ తన పరికరం గురించి రాశాడు. నీళ్లతొట్టిలో బోర్లించిన డబ్బా, కప్పీల మీదుగా దానికి సరితూగే బరువులు. గొట్టంలో ఊదితే డబ్బా లేస్తుంది, ఎంత లేస్తే అంత గాలి. నావికులు, పోలీసులు, ఫైర్ వాళ్లు, కుస్తీ వస్తాదులు, మరుగుజ్జులు, ఆజానుబాహులు, ఇలా 2,130 మందిని ఊదించాడు మహానుభావుడు. నిండా పీల్చి మొత్తం ఊదిన గాలికి వైటల్ కెపాసిటీ అని పేరు పెట్టాడు. అది ఎక్కువుంటే ఆయుష్షు ఎక్కువని, బీమా కంపెనీలకు పనికొస్తుందని ఆయన ఆశ. మనిషి ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఊదే గాలి 8 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 130 మిల్లీలీటర్లు పెరుగుతుందని తేల్చాడు. ఇప్పటికీ పరీక్షకు ముందు మీ ఎత్తు కొలిచేది అందుకే. మేం చదువుకునేటప్పుడు ప్రాక్టికల్స్‌లో ఆ నీళ్ల డబ్బానే ఉండేది. నీళ్లు పాచి వాసన. ఒకడు ఊదాక గొట్టాన్ని డెట్టాల్ నీళ్లలో ఒక ముంచు ముంచి రెండోవాడు నోట్లో పెట్టుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

హచిన్సన్ తర్వాత వందేళ్లపాటు అందరూ ఎంత గాలి అనే చూశారు, ఎంతసేపట్లో అన్నదాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1947లో పారిస్‌లో టిఫెనో, పినెల్లి అనే వాళ్లు ఆ పని చేశారు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎంత వచ్చిందో చూడాలన్నారు. ఇప్పుడు దాన్ని ఎఫ్.ఇ.వి.1 అంటాం. మొత్తం ఊదింది ఎఫ్.వి.సి. ఒళ్లు బాగున్న మనిషి నాలుగు లీటర్లు ఊదితే అందులో మూడు లీటర్లు మొదటి సెకనులోనే వచ్చేస్తాయి. ఆ నిష్పత్తి 70 శాతం కన్నా తగ్గితే ఎక్కడో దారి ఇరుకైందని అర్థం.

ఇప్పుడు అసలు కథ. ఒకరోజు ఒకావిడ వచ్చింది, యాభై ఐదేళ్లుంటాయి. చీటీలో ఆయాసం అని ఉంది. చుట్ట, బీడీ అలవాటుందా అని అడిగాను. ఉత్తరాంధ్ర ఊళ్లలో ఆడవాళ్లు అడ్డపొగ తాగడం, అదే, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం నేను చూసినవాణ్ణి, అందుకని ఆడవాళ్లను కూడా తప్పక అడుగుతాను. లేదంది. ముక్కుకు క్లిప్పు పెట్టి, అట్ట గొట్టం చేతికిచ్చి, "నిండా పీల్చి ఊదమ్మా" అన్నాను. ఆవిడ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ ఊదుగొట్టమేనా సారూ?" అంది. నేను నవ్వి అవునన్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

ఇక్కడున్న పెద్దవాళ్లకు ఊదుగొట్టం గురించి చెప్పక్కర్లేదు. గ్యాసు పొయ్యి మీద పెరిగిన పిల్లల కోసం చెబుతున్నాను. కట్టెల పొయ్యి రాజుకోడానికి ఊదే మూరెడు ఇనప గొట్టం అది. దాన్ని ఎలా ఊదుతారు? బుగ్గలు పూరించి, ఫూ... ఫూ... అని నిదానంగా. ఒక్కసారిగా గట్టిగా ఊదితే బూడిద లేచి కళ్లలో పడుతుంది. పచ్చి కట్టెలైతే మరీను, పొగంతా మొహానికే. నలభై ఏళ్లు రెండు పూటలా అలా ఊదిన మనిషి నా మెషీన్‌లో కూడా అలాగే ఊదింది. మూడుసార్లు చేయించాను, ఐదుసార్లు చేయించాను. తెర మీద గ్రాఫు గుట్టలు గుట్టలుగా వస్తోంది. బయట చాలామంది వేచి ఉన్నారు. విసుగొచ్చి రిపోర్టు మీద "రోగి సహకరించలేదు" అని రాసేశాను.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఇంకా మెల్లగా ఊదాలా సారూ?" అని అడిగింది.

ఆవిడ సహకరించడమేమిటి, ప్రాణం పెట్టి సహకరించింది. తనకు తెలిసినట్టు ఊదింది. ఎలా ఊదాలో చెప్పనిది నేను. మళ్లీ కూర్చోబెట్టాను. "పొయ్యి మాట మర్చిపో అమ్మా. ఆ గోడ మీద బల్లి ఉంది చూడు. ఇక్కణ్నుంచి ఒకే ఊదుతో దాన్ని కింద పడెయ్యాలి. పడ్డాక కూడా ఆపొద్దు, నేను చాలనేదాకా ఊదుతూనే ఉండాలి" అన్నాను. పీల్చింది, ఊదింది. నేను లేచి నిలబడి, ఊదు ఊదు ఊదు, ఇంకా ఉంది, ఇంకా ఉంది అని అరుస్తున్నాను. బయటివాళ్లు ఏం గొడవ జరుగుతోందో అని తొంగి చూశారు. గ్రాఫు చక్కగా వచ్చింది. మొదటి సెకనులో 0.95 లీటరు. మొత్తం 2 లీటర్లు, అవి బయటికి రావడానికి పన్నెండు సెకన్లు పట్టింది. నిష్పత్తి సగం కూడా లేదు. సాల్బుటమాల్ మందు నాలుగు పీల్పులు ఇచ్చి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తే ఒక్క లీటరు. పెద్ద మార్పు లేదు. ఉబ్బసం అయితే ఆ మందుకు గొట్టాలు విచ్చుకుని అంకె బాగా లేచేది. ఇది సి.ఓ.పి.డి., అంటే గాలి దారులు ఇరుకైపోయి మళ్లీ పూర్తిగా విచ్చుకోని దీర్ఘకాలపు జబ్బు. పొగ తాగనివాళ్లకు కూడా వస్తుంది. మన దేశంలో వంట పొగే దానికి పెద్ద కారణాల్లో ఒకటి.

ఆవిడ చెప్పుకున్న బాధ గాలి అందట్లేదని. గ్రాఫు చెప్పింది గాలి బయటికి పోవట్లేదని. రెండూ నిజమే. నిండిన బిందెను పంపు కింద పెట్టి నీళ్లు పట్టడం లేదంటే ఏం చేస్తాం? ముందు కొంత ఒంపాలి. పాత గాలి బయటికి పోకుండానే కొత్త ఊపిరికి వేళ అవుతుంది, చోటుండదు.

మరి గట్టిగా ఊదితే పోదా? ఇక్కడే తమాషా. ఊపిరితిత్తిలోని సన్నటి గొట్టాలకు ఎముకలేమీ లేవు. చుట్టూ ఉన్న సాగే పోగులు, పందిరి రాటలకు కట్టిన తాళ్లలా, వాటిని నలువైపులా లాగి తెరిచి ఉంచుతాయి. పొగకు ఆ తాళ్లు తెగిపోతాయి. అప్పుడు గట్టిగా ఊదడానికి ఛాతీని బిగిస్తే, ఆ బిగింపు గాలినీ నొక్కుతుంది, గొట్టాన్నీ నొక్కుతుంది. మెత్తబడ్డ సైకిల్ ట్యూబును పిసికినట్టు దారే మూసుకుపోతుంది. ఒక హద్దు దాటాక ఎంత బలం పెట్టినా గాలి వేగం పెరగదు. ఈ హద్దు మీకూ నాకూ కూడా ఉంది, కాకపోతే మన హద్దు చాలా దూరం. ముసలాళ్లు కొందరు మెట్లెక్కి ఆగి, పెదాలు సున్నా చుట్టి మెల్లగా ఊదుకుంటూ నిలబడతారే, వాళ్లకు ఎవరూ నేర్పలేదు. దారి చివర కాస్త అడ్డం పెడితే లోపల ఒత్తిడి నిలిచి గొట్టాలు మూసుకోవు. మా పేషెంటు పొయ్యి దగ్గర నలభై ఏళ్లు ఊదిన పద్ధతీ ఇంచుమించు అదే, చూడండి. జబ్బు తెచ్చిన పొయ్యి దగ్గరే ఉపశమనం కూడా అలవాటైంది.

ఈ చిక్కును దాటేసింది తిమింగలాలు, డాల్ఫిన్లు. వాటి సన్నటి గొట్టాలకు కూడా చివరిదాకా మృదులాస్థి బిగింపు ఉంటుంది. ఎంత గట్టిగా ఊదినా మూసుకోవు. అందుకే నీటి పైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరితిత్తుల్లోని గాలిలో 80 శాతం దాకా మార్చేసుకుని మళ్లీ మునగగలవు. మనం కూర్చుని తీసే ఊపిరిలో మారేది పదో వంతు కూడా ఉండదు.

పూర్తిగా ఊదేశాం అనుకున్నాక కూడా లోపల లీటరుకు పైగా గాలి మిగిలే ఉంటుంది. ఎంత తన్నుకున్నా అది రాదు, కాబట్టి ఊదే మెషీన్ దాన్ని కొలవలేదు. హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త హైడ్రోజన్ పీల్చి, అది లోపలి గాలితో ఎంత పల్చబడిందో చూసి తన మిగులును లెక్కగట్టాడు, 1800లో ఆ సంగతి అచ్చేశాడు. ఇప్పుడు హీలియం వాడతాం, లేదా రోగిని గాజు గదిలో కూర్చోబెట్టి కొలుస్తాం. డేవీ ధైర్యం మనకొద్దు.

రాతి పొడి పీల్చి ఊపిరితిత్తి గట్టిపడ్డవాళ్ల గ్రాఫు వేరేగా ఉంటుంది. మొదటి సెకనూ తక్కువే, మొత్తమూ తక్కువే, నిష్పత్తి మాత్రం బాగుంటుంది. దారి బాగానే ఉంది, సంచే చిన్నదైపోయింది.

తక్కువ అంటే దేనితో పోల్చి తక్కువ? ఇక్కడ నాకు చాలాకాలంగా ఒక గొడవ ఉంది. మెషీన్‌లో వయసు, ఎత్తు, ఆడా మగా కొట్టాక ఇంకో గడి అడుగుతుంది, మీ జాతి ఏమిటని. ఏషియన్ అని నొక్కితే ఉండాల్సిన అంకెను తగ్గించేసుకుంటుంది. దీని వెనక చరిత్ర మంచిది కాదు. అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు నల్లవాళ్ల ఊపిరితిత్తులు ఐదో వంతు తక్కువ పని చేస్తాయని, బానిస చాకిరీ వాళ్ల ఒంటికి మంచిదని రాశాడు. హచిన్సన్ పరికరం అలాంటి పనికి కూడా వాడారు. మనవాళ్ల సగటు తక్కువ వస్తున్నమాట నిజమే. చిన్నప్పుడు తిండి చాలక, పొగలో పెరిగి తక్కువైతే, ఆ తక్కువనే మనకు నార్మల్ అని రాసుకోవడం ఏం న్యాయం? ఇది నా ఒక్కడి గోల కాదు. జాతి గడి లేని లెక్కలు 2022లో వచ్చాయి, 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ అవే వాడమని చెప్పింది. మీ రిపోర్టులో ఏ లెక్క వాడారో అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

కోవిడ్ అప్పుడు అందరూ వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కొన్నారు. 98 ఉంది, నా ఊపిరితిత్తులు బ్రహ్మాండం అంటారు. అది రక్తంలో ఆక్సిజన్ చూస్తుంది, ఊపిరితిత్తుల బలాన్ని కాదు. మా ఊదుగొట్టం అమ్మకు ఆ రోజు 95 ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇంట్లో ఉండాల్సింది పీక్ ఫ్లో మీటర్, ఎంత వేగంగా ఊదగలరో చూపేది. 1959లో మార్టిన్ రైట్ చేసిన దానికి చిన్న రూపం, ప్లాస్టిక్ గొట్టం, కరెంటు అక్కర్లేదు. పొద్దున, సాయంత్రం ఊది అంకె రాసుకోవాలి. మృగశిర కార్తె నాడు చేప మందుకు వెళ్తామని నన్ను అడిగేవాళ్లుంటారు. వాళ్లతో నేను వాదించను. ఇన్‌హేలర్ ఆపొద్దు, ముందు నెలా తర్వాత నెలా పీక్ ఫ్లో రాసి ఆ కాగితం పట్టుకురండి అంటాను. కాగితం పట్టుకొచ్చినవాళ్లు తక్కువ. (నవ్వులు)

పసిపిల్లలు ఊదలేరు. వాళ్లకు మా తాతయ్య పద్ధతే. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. ఈ అంకెలకు చేరినా, దాటినా వేగం ఎక్కువున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు ఇవి, ఆశా కార్యకర్తలకు నేర్పేదీ ఇదే. పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతుంటే, మన ఇళ్లలో డొక్కలెగరేస్తున్నాడు అంటారు చూడండి, అంకె ఎంతున్నా ఆగకూడదు, ఆస్పత్రికే. పాల ఉబ్బసం అని పసరు పొయ్యడాలు వద్దు.

చెప్పింది చాలు. చిన్న మెషీన్ తెచ్చాను. ముందు వరసలోంచి ఎవరైనా రండి. మీరు రండమ్మా. భోంచేసి గంటా రెండు గంటలైనా అయిందా? సరే. కూర్చోండి, వీపు నిటారుగా, కాళ్లు నేల మీద. కట్టుడు పళ్లుంటే తియ్యక్కర్లేదు. ఇది ముక్కుకు. నొప్పి ఉండదు, కాస్త వింతగా ఉంటుంది. గొట్టం పళ్ల మధ్య పెట్టి పెదాలతో మూసెయ్యండి, నాలుక అడ్డం పెట్టొద్దు. మూడుసార్లైనా ఊదాలి, వాటిలో మంచివి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు రావాలి. రాకపోతే మళ్లీ ఊదిస్తాను, తప్పు నాది అనుకోండి. అదుగో, ఆ ట్యూబ్‌లైట్ పక్కన బల్లి కనిపిస్తోందా? ఊ, పీల్చండి... ఇంకా, ఇంకా, నిండా... ఊదండి!